ఎనిమిదిన్నర

అక్కడ రాత్రి ఎనిమిదైతే
ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర.
రెండు దేశాల మధ్య ఆ అరగంట ఎవరి బాకీయో
నా థబ్లే మూకి ఎవరూ చెప్పలేదు.

'నా' అంటే వాళ్ళ కరెన్ భాషలో
ఆడమనిషి పేరు ముందుండే గౌరవం.
మన భాషలోకి వస్తే ఏమవుతుందో చూసి కూడా
నేను మార్చకుండా అలాగే రాస్తున్నాను.

శనివారం. యూటికా ఊరింకా దుప్పటి తీయలేదు.
పోస్టాఫీసు ముందు మంచు గుట్టలు
మాడిన అట్ల అంచుల్లా నల్లబడి ఉన్నాయి.
రోడ్డు మీద ఉప్పు చల్లే లారీ ఒకటి వెళ్ళింది.
మొత్తం పదకొండు మంది.
ఒక జెండా, రెండు అట్టముక్కలు.
'సైన్యం దిగిపోవాలి' అని ఇంగ్లీషులో రాసిన మనవడు
సైన్యంలో ఒక అక్షరం మింగేశాడు.
ఎవరూ దిద్దలేదు.

మధ్యాహ్నం పెట్టుకుందాం పిన్నీ,
జనం తిరుగుతుంటారు, టీవీవాళ్ళు రావచ్చు
అన్నారు సంఘం కుర్రాళ్ళు.
వాళ్ళు కొట్టేది ఎనిమిదింటికి కదా, అంది.
ఇప్పుడెవరూ కొట్టడం లేదు పిన్నీ,
చప్పుడైన ఇళ్ళ తలుపులు గుర్తుపెట్టుకుని
ట్రక్కుల్లో వచ్చి ఎత్తుకెళ్ళారు కదా, అన్నారు.
అందుకే, అంది.

సంచిలోంచి తీసింది సత్తుగిన్నె.
శిబిరంలో పన్నెండేళ్ళు గంజి కాచింది అది.
విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది,
లోపల ఎండుమిరపకాయలు, చిన్నదాని ఊలు టోపీ.
అడుగున ఒక సొట్ట.
ఆ సొట్ట ఎలా పడిందో ఒక్కోసారి ఒక్కోలా చెబుతుంది.

ఎనిమిదిన్నర.
గరిటె పడింది.
పావురాలు లేచాయి, వెంటనే వాలాయి,
వాటికి ఇది మూడో చలికాలం.

పోలీసు కారు మెల్లగా వచ్చి ఆగింది.
దిగినవాడు కుర్రాడు, చెవులు ఎర్రబడ్డాయి.
అనుమతి కాగితం చూశాడు,
పేవ్‌మెంటు దిగొద్దమ్మా, ఐసు జారుతుంది, అన్నాడు.
అంతే అన్నాడు.
కానీ ఆ బూట్ల చప్పుడుకే
ఆమె ఎడమచెయ్యి మనవడి నోరు మూసేసింది.
వాడు గింజుకుంటుంటే గాని తెలియలేదు,
చెయ్యి తీసి, దాన్నే కాసేపు చూసుకుంది,
వేరే ఎవరి చెయ్యో అన్నట్టు.

పన్నెండోవాడు అప్పుడొచ్చాడు.
యే యింట్, మాండలేవాడు, బర్మన్.
హోటల్లో గిన్నెలు కడిగే ఉద్యోగం,
గ్లవుజులు లేవు.
పిన్నీ, మాకు తెలియదు, అన్నాడు,
మీ కొండల్లో ఇన్నేళ్ళూ ఇదే జరిగిందని.
మా వీధిలోకి వచ్చాకే...

నీకు మూడేళ్ళు, అంది ఆమె.
మా అమ్మ పెళ్ళికి ముందు నుంచీ నాకు.

ఎవరూ మాట్లాడలేదు.
కర్ర కాలు సర్దుకుంటూ సో క్లెర్ టూ
జెండా వైపు చూశాడు.
ఆమె సంచిలో వెతికి
గిన్నె మూత తీసి ఆ కుర్రాడికిచ్చింది.
క్షమించిందా అంటే నాకు తెలియదు.
కొట్టడానికి ఇంకో చెయ్యి దొరికింది.

ఇరవయ్యో నంబరు బస్సు వచ్చింది.
నడిపే నెర్మిన్‌ది బోస్నియా.
దిగేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళు లేరు.
తలుపు తెరిచి పెట్టాడు, ఇంజను ఆపేశాడు,
రెండు నిమిషాలు ఆలస్యమైంది ఆ పొద్దున
ఆ దారిలో ప్రతి స్టాపుకీ.
వెనకాల కారువాడు హారన్ కొట్టాడు.
మద్దతుకో, తప్పుకోమనో.
అందరూ చేతులూపారు.

సరిగ్గా పావుగంట.
గరిటె ఆగాక చెవుల్లో ఇంకా మోగుతుంటే
ఫోన్ తీసి చూసింది.
గురువారం చెల్లెలికి పంపిన మాటకి
ఒక్క టిక్కే.
సాల్వీన్ ఒడ్డున సిగ్నల్ ఉండదులే, అంది,
అడగని వాళ్ళకి కూడా.

పెరుగు ఫ్యాక్టరీలో షిఫ్టు పదింటికి.
జెండా మడిచారు.
మార్చిలో గడియారాలు మారుస్తారు నానమ్మా,
అప్పుడు మనం తొమ్మిదిన్నరకి రావాలి,
వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు మనవడు.

గిన్నె చంకలో పెట్టుకుని
ఆగింది.
మార్చి దాకానా? అంది.